వై ఒక్కటే ఒకవైపు: సరళరేఖ సమీకరణాన్ని వాలు–అంతరఖండ రూపంలో రాయడం ఎలా?

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచ, అంకీసా, అహేరి, రాజురా, బల్లార్షా, ధర్మాబాద్, బిలోలి వైపు మన పిల్లలు చాలామంది బళ్ళో లెక్కలు మరాఠీలో నేర్చుకుంటారు, ఇంటికొచ్చి అర్థం కానిది తెలుగులో అడుగుతారు. సరళరేఖల పాఠం మొదలైందంటే ఎప్పుడూ ఇవే ప్రశ్నలు: వై ముందు మైనస్ ఉంటే ఏం చేయాలి? భిన్నం వస్తే లెక్క తప్పినట్టా? మరాఠీ పుస్తకంలో చఢ్ అన్నది, తెలుగులో వాలు అన్నది ఒకటేనా? జవాబు సరిపోయిందని ఎవరినీ అడగకుండా ఎలా తెలుసుకోవాలి? వీటన్నిటికీ కలిపి ఇక్కడ వరుసగా రాశాం.

ముందు గుర్తుల గురించి ఒక మాట. అక్షరాలను ఇక్కడ పలికినట్టే ఎక్స్, వై, ఎమ్, సి అని రాస్తున్నాం. మీ నోటుబుక్కులో మాత్రం పుస్తకంలో ఉన్న గుర్తులే వాడండి.

మనకు కావలసిన రూపం ఇది:

వై = ఎమ్ఎక్స్ + సి

ఇందులో ఎమ్ అంటే వాలు. ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత మారుతుందో చెప్పే సంఖ్య. సి అంటే వై-అంతరఖండం. ఎక్స్ సున్నా అయినప్పుడు వై విలువ, అంటే రేఖ వై-అక్షాన్ని కోసే చోటు. సిద్ధాంతం ఇంతవరకు చాలు. అమెరికా వాళ్ళ వీడియోల్లో సి బదులు బి అని రాస్తారు, అక్షరం మారింది కాబట్టి సూత్రం వేరే అనుకోకండి.

కావలసినవి

సెంటీమీటరు గళ్ళ గ్రాఫ్ కాగితం రెండు, సన్నగా చెక్కిన పెన్సిలు, అంచు విరగని స్కేలు, రబ్బరు. చిత్తు లెక్కకు వేరే కాగితం వద్దు. గుర్తుల తప్పులు చిత్తులోంచి సాపులోకి ఎత్తేటప్పుడే ఎక్కువ దొర్లుతాయి, అందుకే అన్ని మెట్లూ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి రాయండి. ఫోన్ ఉంటే జియోజీబ్రా అనే ఉచిత యాప్ సరిచూసుకోవడానికి పనికొస్తుంది. అది లేకపోయినా పని ఆగదు.

మాటలు ముందే సర్దుకోండి

మరాఠీ పుస్తకంలో చఢ్ అన్నది మన వాలు. సహగుణక్ అన్నది గుణకం. చల్ అంటే చరరాశి, ఆలేఖ్ అంటే గ్రాఫ్, నిర్దేశక్ అంటే నిరూపకం, ఆరంభబిందు అంటే మూలబిందువు. 2018లో వచ్చిన మహారాష్ట్ర బోర్డు పదో తరగతి పుస్తకాల్లో రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు గణితం భాగం 1లో ఉన్నాయి, చఢ్ భాగం 2లోని నిర్దేశక్ భూమితి పాఠంలో ఉంది. ఒకే రేఖ సంగతి రెండు పుస్తకాల్లో పడేసరికి చాలామంది వాటిని వేర్వేరు పాఠాలనుకుంటారు. నది దాటి తెలంగాణలో తెలుగు మీడియం ఇంటర్‌లో చేరితే అదే సంగతి సరళరేఖలు అనే పాఠంలో వాలు–అంతరఖండ రూపం అన్న పేరుతో ఎదురవుతుంది.

ఈ మాటల్లో ఒక చిక్కు ఉంది. చఢ్ అంటే ఎక్కడం. వాలు అంటే మన చెవికి దిగడం: పొద్దు వాలింది అంటాం, నీళ్ళు వాలుకు పోతాయి అంటాం. అందుకే తెలుగులో విన్న పిల్లలు వాలు 2 అనగానే కిందికి దిగే గీత గీస్తారు, మరాఠీలో చదివిన పిల్లలు వాలు −2 అయినా పైకి ఎక్కిస్తారు. పేరును బట్టి పోకుండా గుర్తును బట్టి పోండి. చదివినట్టే ఎడమ నుంచి కుడికి రేఖ మీద నడవండి. నడక పైకెక్కితే ఎమ్ ధనం, కిందికి దిగితే ఎమ్ ఋణం, చదునుగా ఉంటే సున్నా. కుడి నుంచి ఎడమకు నడిచే పని ఎప్పుడూ పెట్టుకోకండి.

సమీకరణం ఇచ్చినప్పుడు

2ఎక్స్ + 3వై = 12 తీసుకుందాం.

1. కుండలీకరణాలు, భిన్నాలు ఉంటే ముందు వాటిని తీసేయండి. ఇక్కడ లేవు కాబట్టి ముందుకు పోవచ్చు.

2. వై ఉన్న పదాన్ని ఒక్కదాన్నే ఒకవైపు ఉంచి, మిగతావన్నీ రెండోవైపుకు పంపండి. 2ఎక్స్ అటు వెళ్తే −2ఎక్స్ అవుతుంది:
3వై = −2ఎక్స్ + 12
"అటు పంపితే గుర్తు మారుతుంది" అన్నది గుర్తుంచుకోవడానికి చెప్పే మాట. జరిగేది ఏమిటంటే రెండువైపులా 2ఎక్స్ తీసేస్తున్నాం. ఎప్పుడైనా సందేహం వస్తే అలాగే రాసి చూడండి.

3. కుడివైపు ముందు ఎక్స్ పదం, తర్వాత స్థిరపదం వచ్చేలా రాయండి. 3వై = 12 − 2ఎక్స్ అన్నా తప్పు లేదు. కానీ తర్వాత వాలు ఏదంటే కన్ను ముందున్న 12 మీదే పడుతుంది.

4. వై గుణకంతో, దాని గుర్తుతో సహా, ప్రతి పదాన్నీ భాగించండి:
వై = (−2/3)ఎక్స్ + 12/3

5. భిన్నాలను కనిష్ఠ రూపానికి తెచ్చుకోండి:
వై = (−2/3)ఎక్స్ + 4

6. పక్కన విడిగా రాయండి: ఎమ్ = −2/3, సి = 4. ఈ మెట్టు దండగ అనిపిస్తుంది కానీ పరీక్షలో మార్కులు ఇక్కడే పోతాయి. సమీకరణం సరిగ్గా రాసి కూడా వాలు 2/3 అని రాసేవాళ్ళు ఎందరో.

వాలు భిన్నం రూపంలో వస్తే లెక్క తప్పినట్టు కాదు. −2/3 అంటే కుడికి 3 గళ్ళు నడిస్తే కిందికి 2 గళ్ళు దిగాలి అని. గ్రాఫ్ గీయడానికి ఇంతకంటే తేలిక ఏముంటుంది? దాన్ని −0.67 అని దశాంశంలోకి మార్చకండి. 1/3ని 0.33 అని రాసుకుంటే ఎక్స్ 300 అయినప్పుడు 100 రావలసింది 99 వస్తుంది.

వై ముందు మైనస్ ఉంటే

4ఎక్స్ − 2వై = 10. దీనికి రెండు దారులు ఉన్నాయి.

మొదటి దారి పైన చెప్పిందే. −2వై = −4ఎక్స్ + 10 అని రాసి, −2తో ప్రతి పదాన్నీ భాగిస్తే వై = 2ఎక్స్ − 5. ఇక్కడ 10ని −2తో భాగిస్తే −5 రావాలి. −4ను −2తో భాగించేటప్పుడు గుర్తు మార్చి, 10 దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయి + 5 రాయడం అందరూ పప్పులో కాలేసే చోటు.

రెండో దారిలో వై పదాన్నే కుడివైపుకు పంపేస్తాం: 4ఎక్స్ − 10 = 2వై. ఇప్పుడు వై ముందు ధన సంఖ్యే ఉంది. 2తో భాగిస్తే 2ఎక్స్ − 5 = వై. రెండువైపులనూ తిప్పి రాస్తే వై = 2ఎక్స్ − 5. తిప్పి రాసేటప్పుడు ఏ గుర్తూ మారదు. గుర్తుల దగ్గర తరచూ తడబడేవాళ్ళకు ఈ దారే మేలు. మాస్టారు ఎడమవైపే వై ఉండాలని పట్టుబడితే చివరి వరుసలో తిప్పండి, చాలు.

−వై = 3ఎక్స్ − 4 లాంటిదైతే రెండువైపులా −1తో గుణించండి: వై = −3ఎక్స్ + 4. అన్ని గుర్తులూ మారాలి, ఒక్కటి కూడా మిగలకూడదు.

భిన్నాలతో ఇస్తే

ఎక్స్/2 − వై/3 = 1. హారాలు 2, 3. వాటి కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.) 6తో అన్ని పదాలనూ గుణించండి, కుడివైపున్న 1ని కూడా: 3ఎక్స్ − 2వై = 6. వై పదాన్ని అటు పంపితే 3ఎక్స్ − 6 = 2వై. కాబట్టి వై = (3/2)ఎక్స్ − 3. కుడివైపు 1ని గుణించడం మరిచిపోతే వాలు సరిగ్గానే వస్తుంది, అంతరఖండం మాత్రం −1/2 అని తప్పుతుంది. సగం సరైన జవాబు కాబట్టి ఈ తప్పు త్వరగా కంటికి ఆనదు.

అడ్డదారి సూత్రం వాడొచ్చా?

వాడొచ్చు. ఎఎక్స్ + బివై = సి (ఎ, బి, సి అంటే లెక్కలో ఇచ్చిన సంఖ్యలు) అన్న రూపంలో ఇస్తే వాలు −ఎ/బి, వై-అంతరఖండం సి/బి. అదే ఎఎక్స్ + బివై + సి = 0 అని ఇస్తే వాలు −ఎ/బి, అంతరఖండం −సి/బి. పుస్తకాల్లో రెండు రకాలూ కనిపిస్తాయి, అందుకే ఒక్క సూత్రం బట్టీపట్టి అన్నిచోట్లా వేయకండి. పైగా ఈ సి, వై = ఎమ్ఎక్స్ + సిలోని సి ఒకే సంఖ్య కావు. 2ఎక్స్ + 3వై = 12లో మొదటి సి 12, అంతరఖండం 4. అక్షరం ఒకటే కదా అని 12 దగ్గర చుక్క పెట్టేవాళ్ళు తక్కువేం కాదు. కనీసం పది లెక్కలు మెట్టుమెట్టుగా చేశాకే అడ్డదారి పట్టండి.

రెండు బిందువులు ఇస్తే

(2, 7), (5, 1) బిందువుల గుండా పోయే రేఖ కావాలి.

1. బిందువులకు పేర్లు పెట్టండి: ఒకటో బిందువు (2, 7), రెండోది (5, 1). ఏది ముందైనా ఫరవాలేదు, పెట్టాక మాత్రం మార్చకూడదు.

2. వాలు = (రెండో వై − ఒకటో వై) / (రెండో ఎక్స్ − ఒకటో ఎక్స్) = (1 − 7)/(5 − 2) = −6/3 = −2.

3. వై = −2ఎక్స్ + సి అని రాసి, ఒకటో బిందువును పెట్టండి: 7 = −4 + సి. కాబట్టి సి = 11.

4. సమీకరణం: వై = −2ఎక్స్ + 11.

5. రెండో బిందువుతో సరిచూడండి: −2 × 5 + 11 = 1. సరిపోయింది.

అయిదో మెట్టులో "రెండో బిందువు" అన్నది ఊరికే అనలేదు. పైన 1 − 7 రాసి కింద 2 − 5 రాశారనుకోండి, అంటే వరుస తారుమారైంది. వాలు 2 వస్తుంది. ఒకటో బిందువు పెడితే 7 = 4 + సి, సి = 3. సమీకరణం వై = 2ఎక్స్ + 3 అవుతుంది. దీన్ని ఒకటో బిందువుతో సరిచూస్తే 4 + 3 = 7, చక్కగా సరిపోతుంది! సరిపోకేం చేస్తుంది, ఆ బిందువు నుంచే కదా సి కట్టింది. వాలు ఎంత తప్పినా ఆ బిందువు దగ్గర సరిపోతూనే ఉంటుంది. రెండో బిందువు పెడితేనే గుట్టు బయటపడుతుంది: 10 + 3 = 13, రావలసింది 1. "సరిచూశాను, వచ్చింది, అయినా మార్కులు పోయాయి" అనేవాళ్ళలో చాలామందికి జరిగింది ఇదే.

నిరూపకం ఋణ సంఖ్య అయితే తీసివేతలో కుండలీకరణం తప్పక పెట్టండి. 4 − (−3) అని రాస్తే 7 అని వెంటనే తెలుస్తుంది. కుండలీకరణం లేకుండా రాస్తే రెండు మైనస్‌లలో ఒకటి కలం కిందే పోతుంది.

రెండు బిందువుల ఎక్స్‌లు సమానమైతే, ఉదాహరణకు (4, 1), (4, 9), కింద సున్నా వస్తుంది. అక్కడే ఆగండి. అది నిట్టనిలువు రేఖ, దానికి వాలు లేదు. సమీకరణం ఎక్స్ = 4 అంతే. దాన్ని వాలు–అంతరఖండ రూపంలో రాయడం ఎవరి తరమూ కాదు. వై = 3 లాంటి అడ్డ రేఖకు మాత్రం వాలు ఉంది, అది సున్నా: వై = 0ఎక్స్ + 3. "వాలు లేదు", "వాలు సున్నా" ఒకటి కావు.

వాలు, ఒక బిందువు ఇస్తే

ఇది పై లెక్కలో మూడో మెట్టు నుంచి మొదలవుతుంది. వాలు 3/4, బిందువు (−4, 2) అయితే 2 = (3/4)(−4) + సి, అంటే 2 = −3 + సి, సి = 5. కాబట్టి వై = (3/4)ఎక్స్ + 5.

సమాంతర రేఖ అడిగినా ఇదే పని. 2ఎక్స్ + 3వై = 12కు సమాంతరంగా (3, −1) గుండా పోయే రేఖ అంటే వాలు అదే −2/3. −1 = −2 + సి, సి = 1. జవాబు వై = (−2/3)ఎక్స్ + 1. లంబ రేఖ అడిగితే వాలును తలకిందులు చేసి గుర్తు మార్చండి, −2/3 కాస్తా 3/2 అవుతుంది.

గ్రాఫ్ చూసి రాయాల్సి వస్తే

రేఖ వై-అక్షాన్ని ఎక్కడ కోసిందో చూడండి, అది సి. తర్వాత గళ్ళ మూలల మీదుగా కచ్చితంగా పోయే రెండు బిందువులు వెతకండి. గడి మధ్యలో పడిన బిందువును అంచనా వేసి తీసుకుంటే వాలు కొద్దిగా తేడా వస్తుంది, దాంతో జవాబంతా పోతుంది. రెండు బిందువులు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

ఇక్కడ మోసం చేసేది అక్షాలకు తీసుకున్న స్కేలు. అడ్డంగా 1 సెం.మీ. = 1, నిలువుగా 1 సెం.మీ. = 5 అని తీసుకున్నారనుకోండి. రేఖ కుడికి 2 గళ్ళు, పైకి 4 గళ్ళు పోతే గళ్ళ లెక్కన వాలు 2 అనిపిస్తుంది. కానీ నిలువు 4 గళ్ళంటే 20. అసలు వాలు 20/2 = 10. గళ్ళు లెక్కపెట్టకండి, అక్షాల మీది అంకెలు చదవండి.

ఇంకొకటి. కొన్ని గ్రాఫ్‌లలో ఎక్స్-అక్షం సున్నా దగ్గర కాకుండా 10 దగ్గరో 2000 దగ్గరో మొదలవుతుంది, అక్షం మీద మెలిక గుర్తు పెడతారు. అప్పుడు ఎడమ అంచున రేఖ తాకిన చోటు సి కాదు. రెండు బిందువులు తీసుకుని పై పద్ధతిలో లెక్క కట్టాలి.

మాటల్లో ఇచ్చిన లెక్కలు

ఈ రూపం బడి బయట పనికొచ్చేది ఇక్కడే. మాటల్లో రెండు సంగతులు పట్టుకోండి: ఒక్కసారే ఉండేది (అది సి), "గంటకు", "బస్తాకు", "రోజుకు" అని ప్రతిసారీ కలిసేది (అది ఎమ్).

ట్రాక్టరు పొలానికి వచ్చినందుకు 300 రూపాయలు, దున్నినందుకు గంటకు 900 అనుకుందాం. ఎక్స్ గంటలకు కిరాయి వై = 900ఎక్స్ + 300. మూడు గంటలకు 3,000. ఏది ఎక్స్, ఏది వై అన్నది మొదటి వరుసలోనే రాసుకోండి, కొలతలతో సహా: "ఎక్స్ = గంటలు, వై = రూపాయలు". ఇది రాయని వాళ్ళే 300ఎక్స్ + 900 అని తిరగేసి రాస్తారు.

తగ్గేదైతే ఎమ్ ఋణం. బావిలో 18 అడుగుల నీళ్ళున్నాయి, వారానికి అర అడుగు తగ్గుతోంది: వై = (−1/2)ఎక్స్ + 18. ఇలాగే తగ్గితే వై సున్నా అయ్యేది 36వ వారంలో. "తగ్గుతోంది", "ఖర్చవుతోంది", "దిగుతోంది" అన్న మాట కనబడగానే ముందు మైనస్ పెట్టి, ఆ తర్వాతే సంఖ్య రాయండి.

కొన్నిసార్లు స్థిరంగా ఉండే మొత్తం మాటల్లో కనబడదు, దాన్ని మనమే వెలికి తీయాలి. మిర్చి బస్తాలు పికప్ బండిలో మార్కెట్‌కు పంపితే 10 బస్తాలకు 1,400, 25 బస్తాలకు 2,300 తీసుకున్నారు. 18 బస్తాలకు ఎంత? 1,400ని 10తో భాగించి బస్తాకు 140 అనేయాలని చెయ్యి లాగుతుంది. 2,300ని 25తో భాగించి చూడండి, 92 వస్తుంది. రెండు రేట్లు వచ్చాయంటే అందులో బండి కట్టినందుకు విడిగా ఒక మొత్తం కలిసి ఉందన్నమాట, బండి వాడు లెక్క తప్పలేదు. కాబట్టి ఇవి రెండు బిందువులు: (10, 1400), (25, 2300). వాలు = 900/15 = 60. 1,400 = 600 + సి, సి = 800. వై = 60ఎక్స్ + 800. రెండో బిందువుతో చూస్తే 1,500 + 800 = 2,300. సరే. 18 బస్తాలకు 1,080 + 800 = 1,880 రూపాయలు.

అయితే ఈ సమీకరణం బండి నిండేదాకానే చెల్లుతుంది. రెండో బండి కట్టాల్సి వస్తే మళ్ళీ 800 పడుతుంది. ఎక్స్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చెల్లుతుందో జవాబు పక్కన ఒక ముక్క రాయడం మంచి అలవాటు.

ఏ పుస్తకంలోనైనా దొరికే మరో ఉదాహరణ జ్వరం కొలిచే డిగ్రీలది. సెల్సియస్ ఎక్స్ అయితే ఫారన్‌హీట్ వై = (9/5)ఎక్స్ + 32. సెల్సియస్ 5 డిగ్రీలు పెరిగితే ఫారన్‌హీట్ 9 పెరుగుతుంది. 32 అంటే సున్నా సెల్సియస్ దగ్గర ఫారన్‌హీట్ విలువ, నీరు గడ్డకట్టే చోటు. 100 పెట్టి చూడండి, 180 + 32 = 212 రావాలి.

తరచూ దొర్లే తప్పులు

వాలు ఎంత అంటే "2ఎక్స్" అని రాయడం. వాలు సంఖ్య మాత్రమే, ఎక్స్‌ను వదిలేయండి.

వై = 4 − 3ఎక్స్ చూసి వాలు 4 అనడం. వాలు అంటే ముందు రాసిన సంఖ్య అని బట్టీపట్టినవాళ్ళు ఇలా చేస్తారు. ఎక్స్‌కు అతుక్కున్న సంఖ్యే వాలు, ఇక్కడ −3.

వై = 2ఎక్స్ − 5 అయితే సి = 5 అనడం. మన రూపంలో ప్లస్ ఉంది కాబట్టి దీన్ని వై = 2ఎక్స్ + (−5) అని చదవాలి. సి = −5. గ్రాఫ్‌లో చుక్క మూలబిందువుకు కింద పడుతుంది.

3వై = 6ఎక్స్ + 5ను వై = 2ఎక్స్ + 5 అని తేల్చేయడం. 6ని భాగించి 5ను వదిలేశారు. సరైనది వై = 2ఎక్స్ + 5/3. సరిగ్గా భాగం పోని సంఖ్యనే పిల్లలు ఎక్కువగా వదిలేస్తారు. అది చూసి పెద్దలు అజాగ్రత్త అంటారు కానీ చాలాసార్లు అది భిన్నం అంటే భయం.

2/3ఎక్స్ అని గీటు ఏటవాలుగా రాయడం. రెండు వరుసలు పోయాక ఆ ఎక్స్ పైనుందో కిందుందో మీకే తెలియదు. భిన్నం గీతను అడ్డంగా గీసి, ఎక్స్‌ను గీత పక్కన రాయండి.

ఎక్స్-అక్షాన్ని కోసిన చోటును సి అనుకోవడం. 2ఎక్స్ + 3వై = 12 ఎక్స్-అక్షాన్ని 6 దగ్గర కోస్తుంది. సి మాత్రం 4.

ఎక్స్ × వై = 6, వై = ఎక్స్ వర్గం + 1 లాంటివి కూడా ఈ రూపంలోకి తేవాలని కుస్తీ పట్టడం. అవి సరళరేఖలే కావు.

జవాబు సరిపోయిందో లేదో చూసుకోవడం

ఎప్పుడూ మొదట ఇచ్చిన సమీకరణంలోనే పెట్టి చూడండి, మధ్యలో రాసుకున్న వరుసలో కాదు. ఆ వరుసే తప్పయితే తప్పు తప్పుతోనే సరిపోతుంది.

ఒకటి: అసలు సమీకరణంలో ఎక్స్ = 0 పెట్టండి. వచ్చే వై మీ సి కావాలి. 2ఎక్స్ + 3వై = 12లో 3వై = 12, వై = 4. సి దక్కింది.

రెండు: వాలు హారంలో ఉన్న సంఖ్యనే ఎక్స్‌గా పెట్టండి, వాలు వల్ల భిన్నం రాదు. ఇక్కడ ఎక్స్ = 3. మీ జవాబు ప్రకారం వై = −2 + 4 = 2. అసలు సమీకరణంలో 6 + 6 = 12. వాలూ దక్కింది. మొదటి పరీక్ష ఒక్కటే చేసి ఆగితే సి మాత్రమే సరిచూసినట్టు, వాలు తప్పినా తెలియదు. రెండూ చేయాలి, నిమిషం కూడా పట్టదు.

మూడు: గ్రాఫ్ మీద 4 దగ్గర చుక్క పెట్టి, కుడికి 3, కిందికి 2 నడిచి రెండో చుక్క పెట్టండి, మళ్ళీ అలాగే మూడోది. మూడూ స్కేలు కింద ఒకే గీత మీదికి రావాలి. గుర్తు ఋణమైతే గీత దిగుతోందా అని ఒకసారి కంటితో చూడండి.

జియోజీబ్రా ఉంటే అసలు సమీకరణాన్ని ఒక వరుసలో, మీ జవాబును మరో వరుసలో కొట్టండి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడితే సరే. రెండూ సమాంతరంగా దూరంగా ఉంటే వాలు సరైందే, సి తప్పింది. వై-అక్షం మీదే ఒకదాన్నొకటి కోసుకుంటే సి సరైందే, వాలు తప్పింది. ఎక్కడ వెతకాలో గీతలే చెప్తాయి. భిన్నాన్ని కుండలీకరణంలో కొట్టడం మరవకండి.

చేసి చూడండి

1. 5ఎక్స్ + వై = 8
2. 3ఎక్స్ − 6వై = 12
3. ఎక్స్ = 2వై + 6
4. (−3, 4), (3, −8) బిందువుల గుండా పోయే రేఖ
5. 2(వై − 3) = 5(ఎక్స్ + 2) − 6
6. ఇంట్లో 50 కిలోల బియ్యం సంచీ విప్పారు. రోజుకు కిలోంపావు వండుతారు. ఎక్స్ రోజుల తర్వాత మిగిలేవి వై కిలోలు. సంచీ ఎన్ని రోజులకు ఖాళీ అవుతుంది?

జవాబులు: 1) వై = −5ఎక్స్ + 8. 2) వై = (1/2)ఎక్స్ − 2. 3) వై = (1/2)ఎక్స్ − 3. వాలు ఒకటే కాబట్టి 2, 3 సమాంతర రేఖలు, మీకు కోసుకున్నట్టు వస్తే ఒకదాంట్లో వాలు తప్పింది, ముందు గుర్తు చూడండి. 4) వై = −2ఎక్స్ − 2. 5) వై = (5/2)ఎక్స్ + 5. ఇందులో 10 − 6 = 4 అవుతుంది, దానికి ఎడమ నుంచి వచ్చే 6 కలిస్తే 10. 6) వై = (−5/4)ఎక్స్ + 50, 40 రోజులకు ఖాళీ.